22 గుర్రాలట! లాగుడు పనికి గార్డెన్ ట్రాక్టర్ కొనేవాళ్లూ, జాగ్రత్త

కోపంలో రాస్తున్నాను, మాట అటూ ఇటూ అయితే సర్దుకోండి. బరువైన మోవర్‌ని వెనక తగిలించుకుని పచ్చికబయలు కోద్దామని గార్డెన్ ట్రాక్టర్ (తోటపనికి వాడే బుల్లి ట్రాక్టర్) వెతుకుతున్నవాళ్లు ఎవరైనా ఉంటే, ముఖ్యంగా ఆ షోరూమ్ వైపు బయల్దేరినవాళ్లుంటే, ఒక్క నిమిషం ఆగండి. పేరు రాయను. ఈ బళ్లు కొనేవాళ్లలో ఆ షోరూమ్ తెలియనివాళ్లు తక్కువ. "మీరు పని చెప్పండి సార్, బండి సంగతి మేం చూసుకుంటాం" అంటాడే, ఆ మహానుభావుడే.

సంగతి గబగబా చెప్పేస్తా. నా దగ్గర సొంత ఇంజన్ ఉన్న మోవర్ ఉంది. నడుమెత్తు గడ్డీ, సన్న తుప్పలూ కోసి పారేస్తుంది, దానికి వంక పెట్టలేం. బరువు 270 కిలోలు. దాన్ని లాక్కెళ్లే బండి కావాలి, అంతే. నేల ఎగుడుదిగుడు, ఒక పక్క బాగా వాలు. ఇవన్నీ మోవర్ ఫొటో చూపించి మరీ చెప్పాను. ఆయన ఫొటో చూసి నవ్వాడు. "ఇదా సార్? 22 హెచ్‌పీకి ఇదొక లెక్కా? నిద్రలో లాగేస్తుంది" అన్నాడు. బండి వెనక, మోవర్‌ని తగిలించే రేకుకున్న బెజ్జం మీద వేలు పెట్టి, "పిన్ను ఇక్కడ పడిందంటే మీరు సీటు దిగే పనే ఉండదు" అని కూడా అన్నాడు. ఆ మాట గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తుంది.

కొన్నాను. మొదట్లో బాగానే లాగింది. అదే మోసం. దీనిది హైడ్రోస్టాటిక్ గేర్‌బాక్స్, అంటే పంపు పుట్టించే నూనె ఒత్తిడితో చక్రాలు తిప్పే రకం. చల్లగా ఉన్నంతసేపూ మర్యాదగానే ఉంటుంది. అరగంట వాలు మీద పని చేయించాక లోపలి నూనె కాగి పలచబడుతుంది, పంపు పుట్టించిన ఒత్తిడి లోలోపలే జారిపోతుంది. ఇంజన్ హోరెత్తిపోతుంటుంది, పెడల్ పూర్తిగా తొక్కే ఉంటాం, చక్రం మాత్రం కదలదు. జారడం కూడా కాదు, తిరగడమే మానేస్తుంది. కాసేపు ఆపి చల్లారనిస్తే మళ్లీ ఏమీ ఎరగనట్టు బయల్దేరుతుంది. అందుకే మొదట్లో పెట్రోల్ బాగాలేదేమో, బెల్టు వదులేమో అని అనవసరమైనవన్నీ విప్పి చూశాను.

ఎక్కడం ఒక ఎత్తు, దిగడం ఇంకో ఎత్తు. ఈ రకం బళ్లలో దిగేటప్పుడు వేగాన్ని పట్టి ఉంచేది కూడా ఆ నూనె ఒత్తిడే. అది చేతులెత్తేశాక, బండికన్నా బరువైన మోవర్ వెనకనుంచి తోస్తుంటే స్టీరింగ్ పట్టుకుని దేవుణ్ణి తలుచుకోవడమే. ఒకసారి మోవర్ పక్కకు తిరిగి బండిని అడ్డంగా మెలిపెట్టింది. పడలేదు కాబట్టి ఇవాళ రాయగలుగుతున్నాను. పైగా ఈ మోవర్లను బండికి సూటిగా వెనక కాకుండా కొంచెం పక్కకు జరిపి లాగాలి, లేకపోతే కోయాల్సిన గడ్డిని బండి చక్రాలే తొక్కేస్తాయి. అలా పక్కవాటుగా పడ్డ లాగుడుకి, ఆయన వేలు పెట్టి చూపించిన రేకు అప్పడంలా వంగిపోయింది. చివరికి ఒక రోజు గేర్‌బాక్స్ పూర్తిగా పడుకుంది. చల్లారినా లేవలేదు.

ఇక అసలు ఘట్టం.

బండిని ఇంకో వాహనం మీద ఎక్కించుకుని షోరూమ్‌కి తీసుకెళ్లాను. వారంటీ ఉంది కదా అని ధీమా. ఆయన బయటికి వచ్చాడు, వంగిన రేకు చూశాడు. మొహంలో నవ్వు అలాగే ఉంది. "దీంతో ఏం లాగారు?" అన్నాడు. ఏం లాగారట! ఫొటో చూసింది ఎవరు? "మీకు చూపించిన మోవరే కదండీ" అన్నాను. "ఏ మోవర్?" అన్నాడు. ఫోన్ తీసి మళ్లీ అదే ఫొటో చూపించాను. దాన్ని అప్పుడే మొదటిసారి చూస్తున్నట్టు కళ్లజోడు సవరించుకుని మరీ చూసి, "అయ్యో, దీన్ని ఈ బండికి ఎవరు కట్టమన్నారండీ మీకు?" అన్నాడు. పక్కనున్న కుర్రాడి వైపు తిరిగి, "చూశావా, ఇలాగే పాడుచేసుకుని మన మీదకొస్తారు" అని చెప్పాడు, నేను అక్కడ లేనట్టు!

అంతటితో ఆగితే ఏదో అనుకునేవాణ్ణి. నా సీటు కిందున్న మాన్యువల్ ఆయనే తీశాడు. వెతకనుకూడా లేదు, చెయ్యి తిన్నగా ఆ పేజీకే వెళ్లింది. లాగే బరువు ఇంతకు మించకూడదు, వాలు మీద ఇంకా తగ్గించాలి, మించితే వారంటీ వర్తించదు. ఆ వాక్యం కింద గోరు పెట్టి గీసి, "చదువుకోవాలి కదండీ" అన్నాడు. బండి అమ్మిన రోజున ఆ పుస్తకం ప్లాస్టిక్ సంచిలో సీల్ వేసి ఉంది. డబ్బు కట్టి, సంతకాలు అయ్యాకే నా చేతికొచ్చింది. ఆ పేజీ నంబర్ అంత బాగా తెలిసిన మనిషి, ఫొటో చూపించిన రోజున ఒక్కసారి తిప్పి చూపిస్తే ఆయన సొమ్మేం పోయేది? పోయేది లెండి, అమ్మకం పోయేది. ఏరు దాటేదాకా ఓడ మల్లన్న, దాటాక బోడి మల్లన్న అని ఊరికే అన్నారా?

గేర్‌బాక్స్ బాగుచేయమంటే అది బాగుచేసే రకం కాదట. నూనె మార్చడానికి కింద బిరడా కూడా లేదు, మొత్తం మూసేసిన అల్యూమినియం డబ్బా. కొత్తది వేయించుకోవాలి, ఖర్చు నాది. "లేదంటే పెద్ద మోడల్ ఉంది సార్, మీ పనికి అదే కరెక్ట్" అన్నాడు వెంటనే. మళ్లీ "సార్" అయ్యాను, చూశారా! పెద్ద మోడల్ మొన్న కూడా ఆ మూలే ఉంది. అప్పుడు నా పనికి ఎందుకు కరెక్ట్ కాలేదో మరి. బహుశా నేను తెచ్చుకున్న డబ్బుకి ఈ చిన్నదే కరెక్ట్ అయి ఉంటుంది.

ఇంటికొచ్చి కాగితం మీద లెక్క కట్టాను. బండి 200 కిలోలు, నేను 80, మోవర్ 270. మొత్తం 550. 10 డిగ్రీల వాలు ఎక్కాలంటే అందులో ఆరో వంతుకి పైగా, అంటే 95 కిలోల బలంతో లాగాలి. గడ్డిలో చక్రాలు దొర్లడానికి ఇంకో 50 వేసుకోండి. గంటకి 5 కిలోమీటర్ల వేగంతో ఆ పని చేయడానికి 3 హెచ్‌పీ కూడా అక్కర్లేదు! మోవర్ బ్లేడ్లు తిప్పేది దాని సొంత ఇంజన్ కదా. మరి ఆ 22 గుర్రాలు ఎందుకంటే, బండి పొట్ట కింద ఉన్న సొంత బ్లేడ్లు తిప్పడానికి. లాగేటప్పుడు అవి ఆపేసే ఉంటాయి. ఇంత లెక్క వచ్చినవాడివి కొనకముందే కట్టుకోవచ్చుగా అని మా ఇంట్లో ఇప్పటికే అడిగారు, మీరు అడగక్కర్లేదు.

1961లో ఇంటర్నేషనల్ హార్వెస్టర్ కంపెనీ కబ్ క్యాడెట్ అనే తన మొదటి గార్డెన్ ట్రాక్టర్ తెచ్చినప్పుడు దాని ఇంజన్ 7 హెచ్‌పీ. అవి ఇప్పటికీ బరువులు లాగుతున్నాయి, ఎందుకంటే వెనక భాగం పోత ఇనుము. ఇవాళ బానెట్ మీద హెచ్‌పీ స్టిక్కర్ పెద్దగా వేస్తారు, వెనక యాక్సిల్ గురించి బ్రోషర్‌లో ఒక్క ముక్క ఉండదు. పచ్చిక కోయడానికే పనికొచ్చే లాన్ ట్రాక్టర్‌కే ఇంకాస్త రంగు పూసి గార్డెన్ ట్రాక్టర్ అని అమ్మేస్తున్నారు.

సరే, మీకు పనికొచ్చేది కూడా ఒకటి రెండు చెప్పి వెళ్తాను. వెనక టైరు మీద అంకెలు చూడండి. చివరి అంకె 8 అయితే అది 8 అంగుళాల రిమ్ము, పచ్చిక కోసుకునే బండి. బరువు లాగే గార్డెన్ ట్రాక్టర్లకి మామూలుగా 12 ఉంటుంది. చక్రం బోల్టులతో బిగించారా, లేక ఇరుసు చివర చిన్న క్లిప్పుతో ఆపారా అనేది వంగి చూడండి. క్లిప్పు అయితే నమస్కారం పెట్టి వచ్చేయండి. గేర్‌బాక్స్ నూనె మార్చడానికి వీలుందో లేదో అడగండి. మోవర్ బరువు, బండి బరువు పక్కపక్కన రాసుకోండి, బండే బరువుండాలి. కావాలంటే వెనక చక్రాలకి అదనపు బరువులు బిగించుకోవచ్చు, కానీ అవి పట్టు పెంచుతాయే తప్ప బలహీనమైన గేర్‌బాక్స్‌కి బలం ఇవ్వవు. పైగా చక్రం జారకపోవడంతో భారమంతా దాని మీదే పడుతుంది. మాన్యువల్ డబ్బు కట్టకముందే అడిగి, లాగుడు బరువు పేజీ అక్కడే నిలబడి చదవండి. "లాగుతుంది" అన్న మాటని బిల్లు మీద రాసివ్వమనండి. రాయనంటే మీకు జవాబు దొరికినట్టే.

మోవర్ మాత్రం షెడ్డులో బంగారంలా ఉంది. పోత ఇనుము యాక్సిల్ ఉన్న పాత గార్డెన్ ట్రాక్టర్ ఎవరి దగ్గరైనా అమ్మకానికి ఉంటే చెప్పండి. ఇంజన్ పోయినా పర్లేదు, నా దగ్గర ఇప్పుడు 22 హెచ్‌పీ ఇంజన్ ఒకటి ఖాళీగా ఉంది.