సుత్తికి చెక్క పిడి: ఏళ్ల తరబడి వాడాక నా సమీక్ష

సుత్తి కొనేటప్పుడు అందరి కళ్లూ తల మీదే ఉంటాయి. బరువెంత, ఏ కంపెనీ, ముఖం నున్నగా ఉందా లేదా అని చూస్తాం. పిడిని ఎవరూ పట్టించుకోరు. వాడకంలోకి దిగాక చేతికి తెలిసేది మాత్రం పిడే. మంచి ఉక్కు తల మన పిల్లల కాలానికీ పనికొస్తుంది. పిడి అరుగుతుంది, వదులవుతుంది, ఒక్కోసారి విరుగుతుంది. దాన్ని మార్చుకోవడం చేతనైతే కొత్త సుత్తి కొనాల్సిన అవసరమే రాదు.

మాది హనుమకొండ. ఇంటి వెనక రేకుల షెడ్డులో చిన్న పనిబల్ల, దాని పైన గోడకు నాలుగు సుత్తులు: సన్న పనికి 200 గ్రాములది, రోజువారీ వాడకానికి 500 గ్రాముల గుండు సుత్తి, మేకులు పీకేది ఒకటి, రెండు కిలోల సమ్మెట ఒకటి. తలుపులు, కుర్చీల మరమ్మతు, గేటు కొక్కేలు, అప్పుడప్పుడు గోడకు గాడి కొట్టడం, ఇవీ నా పనులు. మే నెలలో మా దగ్గర ఎండ 43, 44 డిగ్రీలకు పోతుంది, రేకుల కింద ఇంకా ఎక్కువ. జులై వచ్చేసరికి గాలంతా తేమ. చెక్క పిడికి అసలు పరీక్ష ఈ రెండు కాలాల మధ్యే జరుగుతుంది. అందుకే ఎక్కడో చలిదేశంలో రాసిన సలహాలు మన షెడ్డులో పూర్తిగా పనిచేయవు.

ముందు కట్టె. కంపెనీ పిడి, హార్డ్‌వేర్ షాపు పిడి, తుమ్మ పిడి, అమెరికా నుంచి మా మేనల్లుడు తెచ్చిన హికరీ పిడి, నాలుగూ వాడాను. నా ఓటు బాగా ఎండిన నల్ల తుమ్మకే. ఘనపు మీటరుకు సుమారు 800 కిలోలు తూగే కట్టె అది, హికరీ కూడా దాదాపు అంతే. రెండూ దెబ్బను ఓర్చుకుంటాయి, పీచు గట్టిగా ఉంటుంది. హికరీ చేతికి హాయిగా ఉన్న మాట నిజం, కానీ ఆ పిడి అక్కడి సుత్తి తలల్లో పిడి దూరే కన్నానికి చేసింది. మన తలకు సరిపోయేలా చెక్కేసరికి తుమ్మకు పట్టేంత శ్రమా పట్టింది, ఖర్చు ఎన్నో రెట్లు. టేకు అందంగా ఉంటుంది, చెద పట్టదు, అయినా సుత్తికి వద్దు. టేకు తలుపుకు, కుర్చీకి మంచిది. అదేపనిగా దెబ్బలు తగిలితే పెళుసుగా విరుగుతుంది. అడవికి దగ్గరగా ఉండేవాళ్లకు చిరుమాను దొరికితే అదృష్టమే. గొడ్డలి కామలకు అంటే పిడులకు, బండి ఇరుసులకు పాతకాలం నుంచీ పేరున్న కట్టె అది.

షాపులో రెడీమేడ్ పిడి నూరు రూపాయల లోపే వస్తుంది. చెక్క పిడుల కోసం మన దేశంలో ఐఎస్ 620 అని విడిగా ఒక ప్రమాణమే ఉంది, మన వీధి షాపుల్లో మాత్రం ఆ ముద్ర ఉన్న పిడి నా కంట పడలేదు. ఏరుకోవాల్సింది మనమే. పిడిని కంటి దగ్గర పెట్టుకుని పక్కల నుంచి చూడండి. పీచు గీతలు ఈ కొస నుంచి ఆ కొసదాకా పిడితోపాటే సాగాలి. గీతలు మధ్యలో ఏటవాలుగా పక్కకు దిగిపోతే ఆ పిడి ఎప్పుడో ఒకప్పుడు సరిగ్గా అక్కడే చీలుతుంది. ఎర్రగానో నల్లగానో రంగు పూసి గీతలు కనపడకుండా చేసిన పిడి నేను కొనను. చేవ, అంటే కట్టె నడిమి ముదురు భాగం, ఉన్నదే తీసుకోవాలి. తుమ్మలో చేవ చుట్టూ ఉండే తెల్లకట్టె భాగానికి పుచ్చు పురుగు తొందరగా పడుతుంది, పిడి కింద పిండిలాంటి పొడి రాలితే అదే గుర్తు. వెనకటి వడ్రంగులు దుంగల్ని నెలల తరబడి చెరువు నీళ్లలో ఉంచడానికి కారణం ఇదే. పురుగుకు ఆహారమయ్యే పిండిపదార్థం ఆ నీళ్లలో కరిగిపోతుంది.

నేను ఇప్పుడు పిడికి కట్టెను రంపంతో కోయించను, చీలుస్తాను. చీలిక పీచు వెంటే పోతుంది కాబట్టి ఏటవాలు గీతల బాధ ఉండదు. చీల్చిన ముక్కల రెండు కొసలకూ పాత పెయింటో కరిగించిన మైనమో పూసి అటక మీద పెడతాను. పల్లెల్లో పేడ పూసేవాళ్లు, పనిచేసేది ఒకేలా: కొసల నుంచి తేమ ఒక్కసారిగా పోకుండా ఆగుతుంది, పగుళ్లు రావు. ఎప్పుడు చెక్కాలన్నది మా వీధి చివరి వడ్రంగి దగ్గర నేర్చుకున్నాను. ముక్క చేతిలో తూచి, గోటితో గీరి చూసి, "సారూ, ఇది ఇంక పచ్చిగనే ఉన్నది. రెండు ఎండకాలాలు సూడనియ్యి, అప్పుడు చెక్కుదాం" అన్నాడాయన. "అన్నా, అంత ఆగాల్నా?" అంటే, "ఆగకుంటే మళ్ల నా తానకే వస్తవ్" అని నవ్వాడు. నేను దానికి ఇంకో పరీక్ష కలిపాను. వంటింటి త్రాసు మీద నెలకోసారి తూచి ముక్క మీదే పెన్సిలుతో బరువు రాస్తాను. వేసవిలో బరువు తగ్గడం ఆగిపోయిందంటే కట్టె సిద్ధం.

ఇక బిగింపు. నా లెక్కలో పిడి ఆయుష్షు సగానికి పైగా ఇక్కడే తేలిపోతుంది.

పాత పిడి ముక్కను తల నుంచి తీయడానికి పొయ్యిలో పడేసి కాల్చే అలవాటు ఇప్పటికీ ఉంది. దయచేసి ఆ పని చేయకండి. సుత్తి ముఖం గట్టిదనం లెక్క ప్రకారం వేడిచేసి చల్లార్చి తెచ్చింది. నిప్పుల్లో ఎర్రబడితే ఆ గట్టిదనం పోయి ముఖం మెత్తబడుతుంది, ఆ తర్వాత మేకు తలే సుత్తికి గుంట పెడుతుంది. పిడిని తల కిందికి కోసేసి, కన్నంలో మిగిలిన చెక్కకు డ్రిల్లుతో వరసగా నాలుగైదు బెజ్జాలు వేస్తే లోపలి బిగువు సడలుతుంది. తర్వాత ఇనప కడ్డీతో కింది వైపు నుంచి పైకి కొడితే ముక్క ఊడి వస్తుంది.

తల కన్నాన్ని వెలుతురుకు పట్టి చూస్తే అది తిన్నని గొట్టం కాదని తెలుస్తుంది. మధ్యలో సన్నగా, పైనా కిందా కొద్దిగా వెడల్పుగా డమరుకంలా ఉంటుంది. పిడి కింది నుంచి ఎక్కి నడుము దగ్గర బిగుస్తుంది, పైభాగంలో చీలిక, అంటే ఒక కొస పలచగా ఉండే మేకులాంటి చిన్న ముక్క, కొట్టి విప్పారిస్తే ఇక వెనక్కి జారలేదు. బిగింపు రహస్యమంతా ఇదే. అందుకే పిడి కొసను కన్నం ఆకారానికి వీలైనంత దగ్గరగా తీసుకురావాలి. నేను కన్నం లోపలి గోడలకు దీపం మసి పూస్తాను. పిడి కొసను లోపలికి కొంచెం కొట్టి, బయటికి తీసి చూస్తే చెక్క మీద ఎక్కడ తగులుతోందో అక్కడ నల్లటి మరకలు కనిపిస్తాయి. ఆ మరకల్ని మాత్రమే ఆకురాయితో తీయాలి, మళ్లీ కొట్టాలి, మళ్లీ చూడాలి. మొదట్లో మరకలు రెండు మూడు చోట్లే ఉంటాయి. పని పూర్తికావొచ్చేసరికి కొస చుట్టూ పలచటి నలుపు సమంగా పరుచుకుంటుంది. ఆ సమమైన నలుపు కనిపించేదాకా నేను చీలిక జోలికి పోను. గంట పట్టినా సరే, ఆ గంటకు విలువ ఉంది.

చీలిక కోసం పిడి కొసలో కన్నం పొడుగు వెంట రంపంతో గాటు పెడతాను. లోతు కన్నం లోతులో మూడింట రెండు వంతులు. మరీ లోతుగా కోస్తే ఆ గాటు తల కిందికి దిగి పిడిని అక్కడే చీలుస్తుంది. పిడిని చివరిగా ఎక్కించేటప్పుడు తలను నేల మీద ఆనించి కొట్టకూడదు. పిడి పట్టుకుని సుత్తిని తలకిందులుగా గాల్లో వేలాడనిచ్చి, పిడి అడుగు మీద చెక్క సుత్తితో కొట్టాలి. కిందికి దెబ్బ వేస్తుంటే తల పైకి ఎక్కడం చూసేవాళ్లకు వింతగా ఉంటుంది. పిడి ఒక్కసారిగా కదులుతుంది, బరువైన తల ఉన్నచోటే ఉండిపోతుంది, అంతే. తల ఇక కదలనని మొండికేసినప్పుడు దెబ్బ చప్పుడు మారుతుంది. అంతదాకా మొద్దుగా వినిపించింది కాస్తా గట్టిగా, పొడిగా వినిపిస్తుంది. అప్పుడు ఎండిన చెక్క చీలికను, వెడల్పు కన్నం పొడుగంతా ఉండేలా చేసి, మెల్లగా దింపుతాను. దాని మీద అడ్డంగా ఒక ఇనప చీలిక. పైన మిగిలింది కోసేస్తాను, కానీ తలకు సమంగా కోయను. మూడు నాలుగు మిల్లీమీటర్లు బయటికి వదిలితే ఆ విప్పారిన కొసే తలకు అదనపు అడ్డు.

చీలికకు బదులు మేకులు దిగ్గొట్టిన సుత్తులు, సందులో సైకిల్ ట్యూబు ముక్క కుక్కిన సుత్తులు ఎన్నో చూశాను. మేకు పిడి కొసను చీల్చి వదులు చేస్తుంది. రబ్బరు ముక్క ప్రతి దెబ్బకూ నలిగి, తల ఆడటానికి చోటిస్తుంది. తల ఎగిరిపోతే ఎదురుగా ఉన్నవాళ్ల ప్రాణం మీదికొస్తుంది. ఈ విషయంలో నేను ఎవరితోనూ రాజీపడను. వదులుగా ఉన్న సుత్తిని మా ఇంట్లో ఎవరూ ముట్టకూడదు.

వదులైన సుత్తిని రాత్రంతా బకెట్ నీళ్లలో వేయడం మన దగ్గర అందరికీ తెలిసిన చిట్కా. తెల్లారేసరికి రాయిలా బిగుస్తుంది. ఆ బిగువు ఎన్నాళ్లుంటుంది అన్నదే ప్రశ్న. నీళ్లు తాగిన చెక్క ఉబ్బాలని చూస్తుంది, చుట్టూ ఇనుము ఉంది, ఉబ్బే దారి లేదు. దాంతో కన్నం లోపలి పీచు తనను తానే నొక్కుకుని చితికిపోతుంది. మళ్లీ ఆరాక ముందున్న కొలతకన్నా సన్నబడుతుంది. అంటే ఒక్కో నానబెట్టడంతో సుత్తి ఇంకాస్త ఎక్కువ వదులవుతుంది. పొలంలో పని మధ్యలో ఆగిపోతే పూట గడవడానికి సరే, ఇంటి షెడ్డులో దానికి చోటు లేదు.

మన వాతావరణానికి నాకు పనికొచ్చిన పద్ధతి వేరు. పిడి బిగించే పని ఏప్రిల్, మే నెలల్లో పెట్టుకుంటాను. చెక్కలో తేమ అప్పుడు ఆరేడు శాతానికి పడిపోతుంది, ముసురు రోజుల్లో పదిహేను దాకా పెరుగుతుంది. ఆ తేడాకు 20 మిల్లీమీటర్ల చెక్క అర మిల్లీమీటరు దాకా పెరగడమో తరగడమో జరుగుతుంది. వానాకాలంలో బిగించిన పిడి ఎండాకాలంలో ఆ అర మిల్లీమీటరు కోల్పోయి టకటకలాడుతుంది. నడి ఎండలో బిగించింది వానకు ఇంకా బిగుస్తుంది. మరుసటి వేసవికి కొంచెం సడలినా, ఇనప చీలిక మీద రెండు దెబ్బలతో సర్దుకుంటుంది.

కంపెనీ పిడి మీద వార్నిష్ ఉంటే గాజు పెంకుతో గీకేస్తాను. చెమటకు వార్నిష్ జారుతుంది, ఎక్కువసేపు కొడితే అరచేతిలో బొబ్బలు వస్తాయి. గీకాక ఉప్పుకాగితంతో పైపైన రుద్ది అవిసె నూనె పట్టిస్తాను. పెయింట్ షాపుల్లో డబుల్ బాయిల్డ్ లిన్సీడ్ ఆయిల్ అని అడిగితే ఇస్తారు. ఇది గాలి తగిలి గట్టిపడే నూనె, అందుకే పిడికి పనికొస్తుంది. ఆముదం, కొబ్బరి నూనె ఎన్నాళ్లయినా ఆరవు, రంపపు పొట్టు అంటుకుని పిడి జిగటగా మారుతుంది. పలచగా పూసి, పావుగంటయ్యాక మిగిలింది పొడిగుడ్డతో తుడిచేయాలి. తల పైన కనిపించే కొసకు మాత్రం తాగినంత తాగించాలి, తేమ లోపలికి వెళ్లే పెద్ద దారి అదే. కొత్త పిడికి మొదటి వారం రోజూ, ఆ తర్వాత ఏడాదికి రెండుసార్లు, వానకు ముందు ఒకసారి, ఎండకు ముందు ఒకసారి. ఇక్కడొక హెచ్చరిక తప్పనిసరి. ఈ నూనె తుడిచిన గుడ్డను ఉండచుట్టి మూల పడేయకండి. ఆరేటప్పుడు పుట్టే వేడికి గుడ్డ తనంతట తానే అంటుకోగలదు. తీగ మీద విడిగా పరిచి పూర్తిగా ఆరబెట్టండి, లేదంటే నీళ్లలో ముంచి పారేయండి.

ఫైబర్ పిడి సుత్తి కూడా నా దగ్గర ఉంది. దానికి తేమ బాధ లేదు, తల వదులవదు. కానీ నా షెడ్డు వేడికి దాని రబ్బరు పట్టు కొన్నేళ్లకే బంకలా తయారైంది, దాన్ని ఇంట్లో బాగుచేసే దారి లేదు. రోజంతా ఆరుబయట వానలో పనిచేసేవాళ్లకు అదే మంచిదంటాను. గంటల తరబడి మేకులు కొట్టే పనికి మాత్రం నాకు తుమ్మ పిడే సుఖం. మోచేతికి అదురు తక్కువ, పైగా పట్టు కోడిగుడ్డు వాటంలో చెక్కుకుంటే సుత్తి ముఖం ఎటు తిరిగి ఉందో చూడకుండానే తెలుస్తుంది. తలకు దగ్గర పిడిని కొద్దిగా సన్నం చేస్తే అదురు ఇంకా తగ్గుతుంది. 500 గ్రాముల సుత్తికి పిడి పొడుగు 300 నుంచి 350 మిల్లీమీటర్లు చాలు.

పిడి ఎప్పుడు మార్చాలి? తల కింద వేలితో తడిమితే పీచు లేచి గుచ్చుకుంటే, పొడుగు వెంట పగులులో గోరు దిగితే, ఆ రోజే. టేపు చుట్టి నెట్టుకురాకండి. దెబ్బ గురి తప్పి తల కింద చెక్క నలగడం అందరికీ జరిగేదే, అక్కడ ముందే పురికొస బిగువుగా చుట్టి ఫెవికాల్ పట్టిస్తే ఆ దెబ్బలు తాడు మీద పోతాయి. ఇక రెండు కిలోల సమ్మెటకు నేను తుమ్మ పెట్టడం మానేశాను. రాయి కొట్టే వడ్డెరవాళ్లు వంగే వెదురు కామ వాడటం చూసి, గట్టి వెదురు ఏరి వేయించాను. గోడ పగలగొట్టిన రోజు కూడా భుజం నొప్పి రాలేదు. చిన్న సుత్తులకు అది పనికిరాదు, వంపు వల్ల గురి కుదరదు.

నాలుగు సుత్తులకూ ఒక్కో పిడి అటక మీద ఎప్పుడూ అదనంగా ఆరుతూ ఉంటుంది. ఈసారి తుమ్మతోపాటు రేగు కట్టె కూడా రెండు ముక్కలు చీల్చి పెట్టాను, బరువు ఇంకా తగ్గుతూనే ఉంది.