కోనసీమ తేమలో వెదురు విల్లు: వానాకాలాలు దాటాక నా సమీక్ష

డెల్టాలో ఉంటూ వెదురు విల్లు సొంతంగా చేసుకోవచ్చా అంటే, నిశ్చింతగా చేసుకోవచ్చు. కాకపోతే వేసవిలో టిల్లరింగ్, అంటే విల్లు సమంగా వంగేలా గీకే పని, ముగించేసి అంతా అయిపోయిందనుకోకూడదు. ఒక వానాకాలం దాటితేగానీ ఆ విల్లు సంగతి తెలియదు. నా విల్లు ఏళ్లుగా వాడుకలో ఉంది. ఇప్పటికీ ఇష్టంగా వాడుతున్నాను కాబట్టే ఇది వివరంగా రాస్తున్నాను.

పొడవు 68 అంగుళాలు, లాగే దూరం 28 అంగుళాలు, అంతదూరం లాగడానికి కావలసిన బలం 35 పౌన్ల చుట్టుపక్కల. బొంగు మొదలు దగ్గర గోడ మందంగా ఉంటుంది, అక్కడి బద్ద తీసుకున్నాను. పిడికి టేకు ముక్క అతికించాను. నారి డాక్రాన్, అంటే కాస్త సాగే పాలియెస్టర్ దారం. సాగని కొత్తరకం దారాలు బాణాన్ని వేగంగానే పంపుతాయి గానీ ఆ కుదుపంతా నారి తగిలించే కొనల గాళ్ల మీద పడుతుంది, చెక్క విల్లుకి డాక్రానే మేలు. వెదురుకి పైపెంకు దగ్గర నార దట్టంగా ఉంటుంది, లాగినప్పుడు సాగే బరువు మోసేది అదే. అందుకని ఆ వైపు గురివైపుకి పెట్టి, దాని మీద కత్తి ఆననివ్వలేదు. గీకుడంతా లోపలివైపే.

పిడికి పైనా కిందా ఉన్న రెండు లింబులూ ఒకే తీరున వంగేదాకా, బిరుసుగా ఉన్నచోట కొంచెం కొంచెం చెక్క తీయడమే టిల్లరింగ్. ఓపికంతా ఇక్కడే కావాలి. బద్ద మందం పదో వంతు తగ్గిస్తే బిరుసు నాలుగో వంతుకు పైగా పడిపోతుంది. కాబట్టి బాడిత, చిత్రిక మొదటి ఆకారం వచ్చేవరకే. నారి ఎక్కించాక పగిలిన గాజుపెంకు తప్ప ఇంకేదీ పట్టకపోవడం మంచిది. ‘గాజుపెంకైతే నూగులాగా వత్తాదండి, తొందరపడినా కొంప మునగదండి’ అన్నారు మా మేస్త్రిగారు. ఆ మాట అక్షరాలా నిజం.

దీనికి నేను వాడే ఏర్పాటు చాలా సాదాది. సావిడి గుంజకి ఒక చెక్క బిగించి విల్లు పిడి దానిమీద ఆనిస్తాను. నారికి కట్టిన తాడు కింద గిలక చుట్టూ తిరిగి నా చేతికొస్తుంది. మధ్యలో చేపలు తూచే వేలాడే కాటా ఉంటుంది, 16 కిలోలు చూపిస్తే 35 పౌన్లన్నమాట. గోడమీద బొగ్గుతో అడ్డగీతలు గీసుకున్నాను. తాడు పట్టుకుని ఎదురుగోడ దాకా వెళ్లి లాగితే ఎక్కడ వంగడం లేదో గీతల మీద ఇట్టే తెలిసిపోతుంది. అనుకున్న బలం దాటి ఒక్కసారి కూడా లాగకూడదు. గీకిన ప్రతిసారీ ఓ పాతికసార్లు మెల్లగా లాగి వదిలాకే మళ్లీ చూడాలి, తీసిన చెక్క ప్రభావం వెంటనే బయటపడదు.

కణుపుల దగ్గర ఇంకా జాగ్రత్త. అక్కడ నార తిన్నగా సాగదు, కాస్త వంకర తిరుగుతుంది. నా విల్లు కింది లింబులో కణుపు చూడటానికి ఉబ్బుగా, బిరుసుగా ఉంటుంది. చెయ్యి దురదపెట్టినా అక్కడ మందం వదిలేసి, కణుపుకీ కణుపుకీ మధ్య భాగాన్నే పెన్సిల్‌తో గుర్తుపెట్టి గీకాను. నారికీ లింబుకీ మధ్య దూరం పైవైపు నాలుగు మిల్లీమీటర్లు ఎక్కువ, అంటే కింది లింబు కొంచెం గట్టిగా ఉండేలా పెట్టుకున్నాను. బాణం పిడి పైనుంచి పోతుంది కాబట్టి అలా ఉంటేనే చేతిలో నిలకడగా ఉంటుంది.

ఇక వాన. గాలిలో తేమ 50 శాతం ఉన్నప్పుడు చెక్కలో 9 శాతం దాకా నీరుంటుంది. 85 శాతానికి వెళితే అది 17 దాటుతుంది. శ్రావణంలో కాలవగట్టు ఇళ్లలో గోడలే చెమరుస్తాయి, విల్లు మాత్రం ఊరుకుంటుందా! ఏప్రిల్లో 38 పౌన్లు చూపించిన విల్లు ఆగస్టులో 34కి దిగింది. సంక్రాంతికి కొంత తేరుకుంది గానీ, నారి విప్పినా కొనలు లోపలికే వంగి ఉండటం మొదలైంది. ఆ వంపు కింది లింబుకి ఎక్కువ. అది సరిచేయాలంటే పై లింబులో గీకాలి, గీకితే మొత్తం బలం తగ్గుతుంది. వేసవిలోనే నాలుగైదు పౌన్లు ఎక్కువగా ఉంచుకుంటే ఈ రెండో టిల్లరింగ్‌కి చెక్క మిగులుతుంది. డెల్టాలో విల్లు చేసేవాళ్లకి నేను గట్టిగా చెప్పేది ఇదొక్కటే.

లోపలివైపు నిప్పుల సెగ చూపించి గోధుమరంగు వచ్చేదాకా కాల్చాక చాలా తేడా కనిపించింది. మాడకూడదు, పైపెంకుకి వేడి తగలకూడదు. పట్టించిన అవిసె నూనె తేమ వేగాన్ని తగ్గిస్తుంది, పూర్తిగా ఆపలేదు. పుచ్చు విషయంలో మాత్రం పాత పద్ధతికే నా ఓటు: మూడేళ్లు దాటిన వెదురుని కోశాక నీళ్లలో నానబెట్టి, నీడలో ఆరనివ్వాలి. నానినప్పుడు పురుగు తినే పిండిపదార్థం చాలావరకు పోతుంది. నా బద్దకి ఇంతవరకు ఒక్క చిల్లు లేదు.

పోటీలకి వెళ్లేవాళ్లకి, ఏడాది పొడుగునా ఒకే బలం కావాలనుకునేవాళ్లకి ఫైబర్ గ్లాస్ విల్లు సరైనది. నాకు మాత్రం సాయంత్రం కొబ్బరితోటలో బాణాలు వేసుకోవడానికి ఇదే కావాలి. జూలై నుంచి అక్టోబరు దాకా బాణాలు వేయడం అవగానే నారి విప్పి, వంటింటి పక్కగదిలో రెండు మేకుల మీద అడ్డంగా పెడతాను. రేకుల కింద అటకమీద మాత్రం పెట్టకండి.