పిల్లల కంటి దురదకు మందుల షాపులో అడిగి చుక్కలు కొంటున్నారా? జాగ్రత్త

మా అబ్బాయికి పదేళ్ళు. ఏటా శివరాత్రి దాటి ఎండలు ముదరడం మొదలుకాగానే వాడి కళ్ళు ఎర్రబడతాయి, దురద ఒక పట్టాన ఆగదు, ఉదయం లేచేసరికి కంటి మూలల్లో తీగలా సాగే తెల్లని పుసి చేరి ఉంటుంది. రెండేళ్ళ క్రితం మా వీధి చివరనున్న మందుల షాపులో ఈ సంగతి చెబితే, అక్కడి వ్యక్తి డాక్టరు చీటీ అడగకుండానే ఒక చిన్న చుక్కల సీసా ఇచ్చి, రోజుకు నాలుగుసార్లు వేయమన్నాడు. ఒక్క రోజులోనే ఎరుపు విరిగింది. దాంతో ఆ మందుపై మాకు గురి కుదిరి, దురద తిరగబెట్టిన ప్రతిసారీ ఖాళీ అట్టపెట్టె చూపించి అదే మందు తెచ్చుకోవడం అలవాటైపోయింది.

నిరుడు ఉగాది వెళ్ళాక, కళ్ళజోడు అవసరమేమోనని వాడిని కంటి డాక్టరు దగ్గరకు తీసుకువెళ్ళాము. ఆమె పై రెప్పను తిరగేసి చూపించారు. లోపలి వైపు గులకరాళ్ళు పేర్చినట్లు బుడిపెలు ఉన్నాయి. ఇది వర్నల్ కంజంక్టివైటిస్ అనే అలర్జీ అని, మగపిల్లల్లో ఎక్కువగా కనిపిస్తుందని, చాలామందికి యుక్తవయసు వచ్చేసరికి తగ్గిపోతుందని చెప్పారు. ఆ తరువాత కంటిలోని ఒత్తిడి కొలిచారు. సాధారణంగా 10 నుంచి 21 మధ్య ఉండవలసినది కుడి కంటిలో 32, ఎడమ కంటిలో 30 ఉంది. ఏ మందు వాడుతున్నారని ఆమె అడిగినప్పుడు సంచిలోంచి సీసా తీసి ఇచ్చాను. దానిపై ఉన్న పేరు డెక్సామెథాసోన్, అంటే స్టెరాయిడ్.

స్టెరాయిడ్ ఏ కారణంగా వచ్చిన వాపునైనా త్వరగా అణచివేస్తుంది కనుకనే ఆ చుక్కలు అంత బాగా పనిచేసినట్లు కనిపించాయి. అయితే కొందరిలో, ముఖ్యంగా పిల్లల్లో, వారాల తరబడి వాడితే కంటిలోని ద్రవం బయటకు పోయే దారి మందగించి ఒత్తిడి పెరుగుతుంది, ఆ ఒత్తిడికి కంటి నరం దెబ్బతింటే పోయిన చూపు తిరిగి రాదు. మా వాడు ఒక్కరోజు కూడా నొప్పి అనలేదు. ఇలా పెరిగే ఒత్తిడి చాలాసార్లు పైకి ఏ సూచనా చూపదని తెలిసినప్పుడు నాకు చేతులు వణికాయి. ఎక్కువ కాలం వాడినవారిలో శుక్లాలు కూడా రావచ్చు. డాక్టర్లు సైతం ఈ మందును వాడతారు. కాని కొద్ది రోజులకే, ఒత్తిడి కొలుస్తూ వాడతారు.

అందువల్ల కంటి చుక్కలు కొనేముందు సీసా మీది చిన్న అక్షరాలను ఫోనులో పెద్దవి చేసుకొని అయినా చదవండి. డెక్సామెథాసోన్, బీటామెథాసోన్, ప్రెడ్నిసలోన్, ఫ్లూరోమెథలోన్, లోటెప్రెడ్నాల్ అనే పేర్లలో ఏది ఉన్నా అది స్టెరాయిడే. క్లోరాంఫెనికాల్, నియోమైసిన్ వంటి యాంటీబయాటిక్‌తో కలిపి వచ్చే సీసాలు మరీ మోసపుచ్చుతాయి, ఎందుకంటే మొదటి పేరు చదివి ఆగిపోతాము. పెట్టె మీద నిలువుగా ఎర్ర గీత ఉంటే అది చీటీ లేకుండా అమ్మకూడని మందు. బిల్లు తప్పక తీసుకోండి. మేము ఒక్కసారీ తీసుకోలేదు, ఫిర్యాదు చేద్దామంటే మా చేతిలో ఏ ఆధారమూ లేకపోయింది.

మా అబ్బాయికి ఒత్తిడి తగ్గించే మందు కొన్ని వారాలు వేశాక అది అదుపులోకి వచ్చింది, నరానికి హాని జరగలేదు. ఇప్పుడు డాక్టరు రాసిచ్చిన ఓలోపటడిన్ అనే, స్టెరాయిడ్ కాని అలర్జీ చుక్కలు రోజుకు రెండుసార్లు వేస్తున్నాము, దురద ఎక్కువైనప్పుడు చల్లని తడిగుడ్డ కళ్ళమీద ఉంచుతున్నాము, ఆడుకొని రాగానే ముఖం కడిగిస్తున్నాము. కళ్ళు నలపనివ్వకపోవడమే అన్నిటికన్నా కష్టం. అదే పనిగా నలిపితే నల్లగుడ్డు పైపొర పలచబడి ముందుకు పొడుచుకురావచ్చునట.

మీ ఇంట్లో ఎవరైనా ఇటువంటి చుక్కలు రెండు వారాలకు మించి వాడుతున్నట్లయితే, మీ అంతట మీరు హఠాత్తుగా ఆపకుండా వెంటనే కంటి డాక్టరును కలిసి ఒత్తిడి కొలిపించండి. వెళ్ళేటప్పుడు ఆ సీసాను, ఖాళీదైనా సరే, వెంట తీసుకువెళ్ళండి.