పందెం కాసేవాళ్ళకి ఓటీటీ పనికొస్తుందా?

పాత అమెరికన్, బ్రిటిష్ టీవీ సీరియళ్ళంటే పిచ్చి, రాక్ సంగీతమంటే ఇంకా పిచ్చి. అందుకే ఏళ్ళ తరబడి ఓటీటీలకీ, మ్యూజిక్ యాప్‌లకీ చందాలు కడుతూ వస్తున్నాను. నాలాంటివాళ్ళు వీటిని వాడే తీరు వేరు. చూడటం సగమే, మిగతా సగం వాదించుకోవడం, పందేలు కాసుకోవడం. ఆ సీన్‌లో వెనక మోగిన పాట ఏది, ఏ ఎపిసోడ్ ముందు వచ్చింది, ఆ ఆల్బమ్‌లో డ్రమ్స్ ఎవరివి... "ఇప్పుడే మళ్ళీ చూశాన్రా, నువ్వు చెప్పింది తప్పు" అని అర్ధరాత్రి మెసేజ్ పెట్టే స్నేహితులు ఉన్నవాళ్ళ కోసం ఈ సమీక్ష. కాలక్షేపానికి ఓటీటీ బ్రహ్మాండంగా ఉంటుంది. పందెం తేల్చడానికి మాత్రం దాన్ని నమ్మలేం.

ముందు పాటల సంగతి. 'డబ్ల్యూకేఆర్‌పీ ఇన్ సిన్సినాటి' 1978 నుంచి 1982 దాకా అమెరికన్ ఛానల్ సీబీఎస్‌లో వచ్చిన కామెడీ. నడవలేక నడుస్తున్న ఒక రేడియో స్టేషన్ ఉన్నట్టుండి రాక్ పాటలకి మారడం దాని కథ. అందులో డీజేలు వేసేవన్నీ అసలు బ్యాండ్ల అసలు రికార్డులే. టర్కీ కోళ్ళ ఎపిసోడ్‌గా అందరికీ గుర్తుండిపోయినదాంట్లో ఒక చిన్న సీన్ ఉంది. మేనేజర్ కార్ల్‌సన్ స్టూడియోలోకి వస్తాడు. డీజే జానీ ఫీవర్ రాక్ బ్యాండ్ పింక్ ఫ్లాయిడ్ పాట 'డాగ్స్' వేసి కూర్చుని ఉంటాడు. ఆయన కాసేపు చెవొగ్గి విని, ఇందులో కుక్కలు మొరుగుతున్నట్టున్నాయే అని అడుగుతాడు. జానీ తాపీగా ఔనంటాడు. సీన్ మొత్తం అంతే. హక్కుల గడువు తీరిపోయాక పాట తీసేశారు. పాట పోయాక కుక్కల ప్రస్తావనకి అర్థం లేదు కాబట్టి ఆ మాటలకీ కత్తెర పడింది. కోసిన కాపీ మాత్రమే చూసినవాడితో ఈ సీన్ గురించి వాదించి చూడండి. నీ కలలో వచ్చిందేమో అంటాడు. 2014లో షౌట్ ఫ్యాక్టరీ తెచ్చిన డిస్కుల సెట్‌లో చాలా పాటలు వెనక్కి వచ్చాయి, అన్నీ కాదు.

ఈ జబ్బు ఒక్క సీరియల్‌ది కాదు. 'ది వండర్ ఇయర్స్' టైటిల్స్‌లో జో కాకర్ గొంతు ఉండాల్సిన చోట ఓటీటీలో చాలాకాలం ఎవరో పాడిన నకలు వినిపించింది. 'డాసన్స్ క్రీక్' అభిమానులైతే టైటిల్స్‌లో వచ్చే పౌలా కోల్ పాట కోసం ఏళ్ళు కాచుకుని కూర్చున్నారు, 2021లో గానీ నెట్‌ఫ్లిక్స్‌లో అది తిరిగి రాలేదు. నేను వాడిన ఒక సర్వీసులో ఇంకా విచిత్రం చూశాను. వెనక ఏదో కీబోర్డు ముక్క మోగుతోంది, కింద సబ్‌టైటిల్స్‌లో వేరే పాట పంక్తులు పోతున్నాయి. పాట మార్చినవాళ్ళు సబ్‌టైటిల్స్ మార్చడం మర్చిపోయారన్నమాట. నాకదే మేలు చేసింది, ఆ పంక్తులు పట్టుకుని అసలు పాట ఏదో కనుక్కున్నాను. అప్పటినుంచి పాత సీరియల్ ఏది చూసినా సబ్‌టైటిల్స్ పెట్టుకునే చూస్తాను.

అలాగని పాటలు మార్చడం ఓటీటీలే మొదలుపెట్టాయనుకోకండి. ఒక రాక్ బ్యాండ్ గురించిన 'ది మంకీస్' 1966లో అమెరికన్ ఛానల్ ఎన్‌బీసీలో మొదలైంది, 1967లో ఉత్తమ కామెడీ సీరియల్‌గా ఎమ్మీ అవార్డు కూడా కొట్టింది. పునఃప్రసారాల్లో పాత పాటలు తీసేసి, అప్పుడే మార్కెట్లోకి వచ్చిన ఆల్బమ్‌ల పాటలు అతికించారు, రికార్డులు అమ్ముకోవడానికి. ఒకే ఎపిసోడ్ గురించి ఇద్దరు రెండు పాటలు చెప్పి కొట్టుకుంటారు, ఇద్దరూ నిజమే చెబుతుంటారు! అప్పట్లో తేడా ఏమిటంటే ఏ ప్రసారంలో ఏముందో రాసిపెట్టుకునే వీరాభిమానులు ఉండేవారు. ఇప్పుడు ఫైలు ఎప్పుడు మారిందో యాప్ చెప్పదు. నిన్న ఉన్నది ఇవాళ లేకపోతే, లేనట్టే.

బొమ్మ విషయానికొస్తే, నాకు ఒళ్ళు మండేది ఇక్కడే. పాత టీవీ తెర దాదాపు చతురస్రం. ఇప్పటి వెడల్పు తెరకి సరిపోవాలని పైనా కిందా కోసేస్తారు. 2019 నవంబర్‌లో డిస్నీ ప్లస్ మొదలైనప్పుడు పాత కార్టూన్ కామెడీ 'సింప్సన్స్' ఎపిసోడ్‌లు అలాగే వచ్చాయి. బీరు ఫ్యాక్టరీ సీన్‌లో డఫ్, డఫ్ లైట్, డఫ్ డ్రై అని మూడు పీపాలు వరసగా ఉంటాయి, పైన ఒకే గొట్టంలోంచి మూడింట్లోకీ ఒకే బీరు దిగుతుంటుంది. జోకంతా ఆ గొట్టంలోనే ఉంది. కోసింది సరిగ్గా ఆ గొట్టాన్నే. అభిమానులు గోల చేశాక 2020 మేలో పాత కొలత ఎంచుకునే వీలు ఇచ్చారు. 2021లో కామెడీ సీరియల్ 'సైన్‌ఫెల్డ్' నెట్‌ఫ్లిక్స్‌కి వచ్చినప్పుడూ ఇదే కథ. రోడ్డు మీద గుంత గురించిన ఎపిసోడ్‌లో ఆ గుంతే ఫ్రేములో లేకుండా పోయింది. చేతిలో సెట్టింగ్ ఉంటే ముందు అది మార్చుకోండి. లేకపోతే ఆ సీరియల్ కామెడీ టైమింగ్ గురించి తీర్పులివ్వడం మానుకోండి.

హెచ్‌డీ అనే మాట చూసి కూడా తొందరపడొద్దు. 1951లో మొదలైన 'ఐ లవ్ లూసీ' 35 ఎంఎం ఫిల్ము మీద తీశారు కాబట్టి ఇవాళ్టికీ గీత గీసినట్టు కనిపిస్తుంది. పాతికేళ్ళు దాటాక వచ్చిన 'డబ్ల్యూకేఆర్‌పీ' మసకమసకగా ఉంటుంది, దాన్ని వీడియో టేపు మీద తీశారు మరి. ఎందుకంటే టేపు మీద తీసే కార్యక్రమాలకి అప్పట్లో పాటల హక్కులు చౌక. బొమ్మ వదులుకుని పాటలు కొనుక్కున్నారు, చివరికి ఆ పాటలూ పోయాయి. ఇంతకంటే దరిద్రం ఉంటుందా?

ఒక గూఢచారిని వింత ఊళ్ళో బంధించే కథ 'ది ప్రిజనర్' దగ్గర గొడవ వేరు. 1967-68లో బ్రిటన్‌లో వచ్చిన పదిహేడు ఎపిసోడ్‌లు, ప్రసారమైన వరస ఒకటి, చిత్రీకరించిన వరస ఒకటి, అభిమానులు కట్టుకున్న వరసలు లెక్కలేనన్ని. 'డాన్స్ ఆఫ్ ది డెడ్' ఎనిమిదోదిగా ప్రసారమైంది, కానీ అందులో హీరో నేనిక్కడ కొత్త అంటాడు! ఏడు వారాలుగా అక్కడే బందీగా పడి ఉన్నవాడు అనే మాటేనా అది? నా మటుకు నేను దాన్ని రెండోదిగానే చూస్తాను. ఇక్కడ ఓటీటీ చేసే చెడ్డ పని, ఒకటి అయిపోగానే అడక్కుండా తర్వాతది మొదలెట్టడం. దాన్ని ఆపేసి చూడాల్సిన సీరియల్ ఇది. చివరి ఎపిసోడ్‌లో బీటిల్స్ 'ఆల్ యు నీడ్ ఈజ్ లవ్' మోగుతుంది, నేను చూసిన కాపీల్లో భద్రంగానే ఉంది.

బీటిల్స్ అనగానే కాలంలో ప్రయాణించే హీరో ఉన్న బ్రిటిష్ సీరియల్ 'డాక్టర్ హూ'లో 1965 నాటి కథ 'ది చేజ్' చెప్పుకోవాలి. అందులో కాలయంత్రం లోపల ఉన్న ఒక తెర మీద వాళ్ళు 'టికెట్ టు రైడ్' పాడుతూ కాసేపు కనిపిస్తారు. అది బీబీసీ పాటల కార్యక్రమం 'టాప్ ఆఫ్ ది పాప్స్' నుంచి తీసుకున్న ముక్క. అసలు కార్యక్రమం టేపు బీబీసీ దగ్గర మిగల్లేదు, ఈ కథలో ఇరుక్కుంది కాబట్టి ఆ ముక్క బతికింది. అమెరికా డీవీడీలో హక్కుల గొడవల వల్ల దాన్నీ తీసేశారు. అంటే డిస్కులు కూడా పతివ్రతలు కావు, ఏ దేశం డిస్కు కొంటున్నామో చూసుకోవాలి.

సంగీతం యాప్‌లలో నా మొదటి ఫిర్యాదు, ఆల్బమ్ పుట్టిన తేదీ దాచడం. 1970ల ఆల్బమ్ పక్కన రీమాస్టర్ చేసిన, అంటే పాత రికార్డింగుకి మెరుగులు దిద్దిన ఏడాది కనిపిస్తుంది, కొత్తగా వినేవాళ్ళకి ఏది ముందో ఏది వెనకో తెలియదు. ఇంకో చిక్కు, ఏ రూపం వింటున్నామన్నది. రాక్ గాయకుడు ఆజీ ఆస్బోర్న్ మొదటి రెండు సోలో ఆల్బమ్‌లు 1980, 1981ల్లో వచ్చాయి. 2002లో మళ్ళీ విడుదల చేసినప్పుడు బాబ్ డైస్లీ బేస్ గిటార్, లీ కెర్స్‌లేక్ డ్రమ్స్ తీసేసి, రాబర్ట్ ట్రుహీయో, మైక్ బోర్డిన్‌లతో కొత్తగా వాయించి అతికించారు. అభిమానులు తిట్టని తిట్టు లేదు. 2011లో అసలువి తిరిగొచ్చాయి. 2002 నాటి సీడీ ఉన్నవాడూ, ఇప్పుడు యాప్‌లో వినేవాడూ ఆ డ్రమ్స్ గురించి మాట్లాడుకుంటే ఒకరి మాట ఒకరికి అర్థం కాదు. యాప్‌లో ఎవరు వాయించారో వెతికితే చాలాసార్లు పాట రాసినవాళ్ళ పేర్ల దగ్గరే ఆగిపోతుంది. అట్ట వెనక చిన్న అక్షరాల్లో అచ్చయ్యే ఆ వివరాలు లేకపోవడం నాకు పెద్ద లోటు.

చందాలు మానేశానా అంటే, లేదు. వెతకడానికి, పరిచయం లేని సీరియల్ రుచి చూడటానికి, ప్రయాణాల్లో వినడానికి అంత సుఖం ఇంకెక్కడా దొరకదు. నచ్చి తీరాక మాత్రం డిస్కు కొంటాను. పాటలు ప్రాణమైన సీరియళ్ళకి మొదటి ప్రాధాన్యం, ఫిల్ము మీద తీసిన వాటికి రెండోది. టేపు మీద తీసి, పాటలు పెద్దగా లేని కామెడీలకి ఓటీటీ చాలు, డబ్బు దండగ చేసుకోకండి. కొనేముందు పెట్టె వెనక సంగీతం మార్చబడి ఉండవచ్చు అన్న ముక్క ఉందేమో చదవండి. కనిపిస్తే అల్మారాలోనే వదిలేయండి.