బంగారు ముద్ర చూసి మోసపోకండి, ముందు తెల్ల కుక్కను వెతకండి

హన్మకొండ, వరంగల్, కరీంనగర్‌లలో స్కూల్ లైబ్రరీకో, ఇంట్లో పిల్లలకో ఇంగ్లిష్ బొమ్మల పుస్తకాలు కొనేవాళ్లు ఇది చదివాకే డబ్బులు కట్టండి. ఎగ్జిబిషన్ స్టాళ్లలో, వాట్సాప్‌లో ‘కాల్డికాట్ సెట్’ (అమెరికాలో పిల్లల బొమ్మల పుస్తకాలకు ఇచ్చే కాల్డికాట్ మెడల్ పొందిన పుస్తకాలు) అని అగ్గువకు అమ్ముతున్నవాటిలో స్కాన్ చేసి కొట్టిన నకళ్లు కలుస్తున్నాయి. ఈమధ్య మాకు అంటగట్టిన సెట్ మొత్తం అదే సరుకు.

కథ అక్షరం పొల్లుపోకుండా ఉంటుంది కాబట్టి చూడగానే తెలియదు. దెబ్బంతా బొమ్మలకే.

బొమ్మలూ కథలూ తానే చేసే క్రిస్ వాన్ ఆల్స్‌బర్గ్ తన పుస్తకాల్లో ఒక తెల్ల బుల్ టెర్రియర్ కుక్కను ఎక్కడో ఒకచోట దాచిపెడతాడు. 1982లో మెడల్ వచ్చిన ‘జుమాంజీ’లో అది చక్రాల బొమ్మ. 1986లో మెడల్ వచ్చిన ‘ద పోలార్ ఎక్స్‌ప్రెస్’లో మొదటి బొమ్మలోనే, మంచం కోడు చివర తొడిగిన చేతిబొమ్మ. పిల్లలు ఒక్కసారి పట్టుకుంటే తర్వాతి పుస్తకంలో మనం చెప్పకుండానే వెతుకుతారు. నకలులో వెతకడానికి ఏముంటుంది? ‘జుమాంజీ’ మొత్తం నలుపు తెలుపే. స్కాన్‌లో బూడిద ఛాయలన్నీ ముద్దయి నీడలు నల్ల మరకలవుతాయి. ‘పోలార్ ఎక్స్‌ప్రెస్’ అడ్డంగా పొడుగు పుస్తకం. దాన్ని ఏ4లో ఇరికించాలని అంచులు కోసేస్తారు.

మారిస్ సెండాక్ ‘వేర్ ద వైల్డ్ థింగ్స్ ఆర్’ (1964 మెడల్) అయితే ఇంకా ఘోరం. మెట్ల దగ్గర గోడకు కథలో పిల్లాడు మాక్స్ గీసిన రాకాసి బొమ్మ ఉంటుంది. తర్వాత నిజం రాకాసులు రాబోతున్నారని అదే మొదటి గురుతు. మొదట్లో చిన్నగా, చుట్టూ తెల్ల అంచుతో ఉన్న బొమ్మలు పేజీ పేజీకీ పెరిగి, మాక్స్, రాకాసులు గంతులేసే దగ్గర మాటే లేకుండా మూడుసార్లు రెండేసి పేజీలు నిండిపోతాయి. నకలులో బొమ్మలన్నీ ఒకే సైజు! పైగా దారంతో కుట్టకుండా జిగురు పెట్టడంతో రెండు పేజీల బొమ్మ నడిమిభాగం వీపులోకి పోతుంది. పూర్తిగా తెరిస్తే పేజీలు ఊడొస్తాయి.

అట్ట లోపలి కాగితాలూ తిప్పి చూడండి. ‘ఆఫీసర్ బకిల్ అండ్ గ్లోరియా’ (1996 మెడల్)లో అక్కడ జాగ్రత్త సూత్రాలు, పోలీసు కుక్క గ్లోరియా వేషాలు నిండుగా ఉండాలి. ఖర్చు మిగులుతుందని నకలులో తెల్ల కాగితం అతికిస్తారు.

ఇక అట్ట మీది ముద్ర సంగతి. మెడల్‌కు బంగారు రంగు, దాని తర్వాతి గుర్తింపైన ఆనర్‌కు వెండి రంగు. వాన్ ఆల్స్‌బర్గ్ ‘ద గార్డెన్ ఆఫ్ అబ్దుల్ గసాజీ’కి 1980లో వచ్చింది ఆనర్, దానిపై బంగారు ముద్ర కనిపిస్తే అక్కడే పెట్టేయండి. ముద్ర లేదని మాత్రం అనుమానించొద్దు, బహుమతికి ముందు అచ్చయిన ప్రతులకు ఉండదు.

ఫోన్ కెమెరా బాగా జూమ్ చేసి ముఖాల మీద పెట్టండి. అసలు ప్రతిలో రంగుల అచ్చు చుక్కలు శుభ్రంగా ఉంటాయి. స్కాన్ కాపీలో చుక్కల మీద చుక్కలు పడి వల అల్లినట్టు గళ్లు తేలతాయి. ఐఎస్‌బీఎన్ (పుస్తకం గుర్తింపు నంబరు) కూడా నకలు కొడతారు కాబట్టి ఆ నంబరు ఆన్‌లైన్‌లో వెతికి పేజీలు, పొడవు వెడల్పులు స్కేలుతో పోల్చండి.

సెట్టుకు సీల్ ఉంటే షాపులోనే విప్పించండి. విప్పనివ్వకపోతే కొనొద్దు. బిల్లు మీద పుస్తకాల పేర్లు విడివిడిగా రాయించుకోండి, ‘బుక్స్ సెట్’ అని రాస్తే తర్వాత ఏదీ తేలదు. వాళ్లు వాపసు తీసుకోకపోతే నేషనల్ కన్జ్యూమర్ హెల్ప్‌లైన్ 1915కు బిల్లు, కోసేసిన పేజీల ఫోటోలు దగ్గర పెట్టుకుని ఫోన్ చేయండి.