బీపీ మిషన్, గ్లూకోమీటర్: ఏళ్ల తరబడి వాడాక చెబుతున్న మాట

నాకు షుగర్, బీపీ రెండూ ఉన్నాయి. గుండె కోసం కూడా రోజూ మాత్ర వేసుకుంటాను. జబ్బకు కట్టే బీపీ మిషన్, వేలు గుచ్చి చూసే గ్లూకోమీటర్ చాలా ఏళ్లుగా ఇంట్లో ఉన్నాయి. మధ్యలో కొంతకాలం చేతికి అంటించుకునే షుగర్ సెన్సర్ కూడా వాడి చూశాను. బ్యాటరీలు ఎన్నోసార్లు మార్చి, కఫ్ (జబ్బకు చుట్టే గాలి పట్టీ) వెల్క్రో వదులై, కొత్త మోజంతా తీరాక రాస్తున్న సమీక్ష ఇది.

ఎక్కువ మార్కులు బీపీ మిషన్‌కే వేస్తాను. డాక్టర్ దగ్గర చూసే బీపీ ఎప్పుడో ఒక రోజు, ఒక్క నిమిషానిది. అక్కడ కూర్చోగానే టెన్షన్‌తో బీపీ పెరిగేవాళ్లు ఉంటారు. అందుకు భిన్నంగా, అక్కడ నార్మల్‌గా ఉండి ఇంట్లో ఎక్కువ ఉండేవాళ్లూ ఉంటారు. ఈ రెండో రకం ఇంట్లో చూసుకుంటే తప్ప బయటపడదు. పైగా రెండు చోట్లా హద్దు ఒకటి కాదు. యూరప్ మార్గదర్శకాల్లో క్లినిక్‌లో 140/90 దగ్గర బీపీ ఉందంటే, ఇంటి సగటు 135/85కే ఉన్నట్టు లెక్క. ఇంట్లో 138 చూసి "140 దాటలేదుగా" అని ఊరుకోవడానికి లేదు.

ఈ మిషన్ చప్పుడు వినదు. కఫ్‌లో గాలి మారుతున్నప్పుడు రక్తనాళం కొట్టుకోవడంతో పుట్టే చిన్న చిన్న కదలికలను పట్టుకుని, వాటి నుంచి పై బీపీ, కింది బీపీ లెక్క కడుతుంది. మాట్లాడినా, చేయి కదిపినా ఆ లెక్క చెడుతుంది. గుండె లయ తప్పే జబ్బు ఉన్నవాళ్లు ఒక్క రీడింగ్‌ను అసలు నమ్మకూడదు, నాలుగైదు తీసి సగటు చూసుకోవాలి. నా పద్ధతి ఇదీ: వీపు ఆన్చి, పాదాలు నేలకు ఆనించి, ఐదు నిమిషాలు ఊరికే కూర్చుంటాను. తర్వాత నిమిషం గ్యాప్‌తో రెండుసార్లు చూస్తాను. మొదటిది దాదాపు ఎప్పుడూ ఎక్కువే వస్తుంది. చేయి గుండె ఎత్తులో ఉండాలి. పది సెంటీమీటర్లు కిందికి జారితే ఏడెనిమిది పాయింట్లు ఎక్కువ చూపిస్తుంది. మణికట్టుకు కట్టే మిషన్ల జోలికి నేను వెళ్లకపోవడానికి కారణం ఇదే.

పెద్ద ఫిర్యాదు కఫ్ మీద. పెట్టెలో వచ్చేది అందరికీ సరిపోతుందన్నట్టు అమ్ముతారు. నా జబ్బకు అది బిగుతు. బిగుతు కఫ్ బీపీని ఎక్కువ చేసి చూపిస్తుంది. పెద్ద సైజు విడిగా తెప్పించుకున్నాక పై బీపీ స్పష్టంగా దిగింది. మందులేమీ మారలేదు! కొనే ముందు టేపుతో జబ్బ చుట్టుకొలత చూసుకోండి, మిగతా ఫీచర్ల సంగతి తర్వాత.

నిలబడి చూసుకోవడం గురించి మాన్యువల్‌లో ఒక్క ముక్క లేదు. నాకు మాత్రం దాంతోనే ఎక్కువ మేలు జరిగింది. షుగర్ పాతబడితే నరాలు మొద్దుబారి, లేవగానే బీపీ పడిపోవచ్చు. కూర్చుని ఒకసారి, లేచి మూడు నిమిషాల్లోపు మరోసారి చూసి, పైది 20 గానీ కిందిది 10 గానీ తగ్గితే డాక్టర్‌కు చెప్పాలి. నేను ఆ జంట అంకెలు రాసి తీసుకెళ్లాకే మాత్ర వేళ మారింది. పొద్దున లేవగానే తల తిరగడం తగ్గింది.

గ్లూకోమీటర్ దగ్గర అసలు ఖర్చు మిషన్ కాదు, స్ట్రిప్పులు. అందుకే ఎప్పుడు గుచ్చుకోవాలో తెలియాలి. ఒంటరి రీడింగ్ దండగ. భోజనానికి ముందు ఒకటి, తిన్న రెండు గంటలకు ఒకటి చూస్తే ఆ పూట తిండి ఏం చేసిందో తెలుస్తుంది. తిన్నాక కాసేపు నడిచిన రోజుకీ కూర్చుండిపోయిన రోజుకీ ఉన్న తేడా నా నోట్‌బుక్‌లో కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. కదిలే కండరం ఇన్సులిన్ కోసం పెద్దగా చూడకుండానే గ్లూకోజ్‌ను లాగేసుకుంటుంది. రాత్రి పడుకునేటప్పటి కంటే పరగడుపున ఎక్కువ వస్తే గాభరా పడొద్దు, తెల్లవారుజామున హార్మోన్ల ప్రభావంతో కాలేయం గ్లూకోజ్ వదులుతుంది.

కచ్చితత్వం మీద ఆశలు తగ్గించుకోవాలి. మీటర్లకున్న అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం 100 పైన ఉన్న షుగర్‌కు 15 శాతం అటూఇటూ చూపించినా పాసే. నిన్న 142, ఇవాళ 151 అంటే ఆ తేడాకు అర్థమేమీ లేదు. చేతులు సబ్బుతో కడిగి బాగా తుడుచుకోండి. పండు వలిచిన వేలితో చూస్తే ఆ పండు షుగర్ కూడా కలిసి వస్తుంది. స్ట్రిప్పుల డబ్బా మూత వెంటనే పెట్టాలి, తేమ వాటికి శత్రువు. వేలి కొనలో కాకుండా పక్కన గుచ్చితే నొప్పి తక్కువ. మీటర్‌తో వచ్చిన యాప్ పరగడుపు, తిన్న తర్వాత అన్న తేడా లేకుండా అన్నీ కలిపి సగటు చూపించేది. తీసేశాను. మూడు నెలల సగటుకు హెచ్‌బీఏ1సీ పరీక్ష ఉండనే ఉంది: 7 శాతం వస్తే సుమారు 154 అని లెక్క.

సెన్సర్ బాగుంది, కానీ నాకు అక్కర్లేదు. అది కొలిచేది రక్తంలో కాదు, చర్మం కింది ద్రవంలో. అందుకని కొన్ని నిమిషాలు వెనకబడి ఉంటుంది. దాని మీద ఒత్తిగిలి పడుకుంటే లేని లో షుగర్ చూపించి అర్ధరాత్రి అలారం మోగిస్తుంది. ఇన్సులిన్ వేసుకునేవాళ్లకు మాత్రం ఆ అలారమే రక్ష, వాళ్లు కొనాల్సిందే.

సూది లేకుండా వాచీతో షుగర్ చూస్తామనే ప్రకటనలను నమ్మకండి. అలాంటి వాచీని గానీ ఉంగరాన్ని గానీ దేన్నీ ఆమోదించలేదని అమెరికాలో మందులు, వైద్య పరికరాలకు అనుమతులిచ్చే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌డీఏ 2024 ఫిబ్రవరిలో హెచ్చరించింది.

నా గ్లూకోమీటర్ ఇప్పుడు మంచం పక్కనే ఉంటుంది. దానికి కారణం నా గుండె మాత్ర. నేను వేసుకునేది బీటా బ్లాకర్, అంటే గుండె వేగాన్ని తగ్గించే రకం మందు. షుగర్ పడిపోయినప్పుడు వచ్చే గుండె దడను, వణుకును అది కప్పేస్తుంది, చెమట మాత్రం పడుతుంది. కారణం లేకుండా చెమట పట్టిందంటే వెంటనే చూస్తాను. 70 కంటే తక్కువ ఉంటే 15 గ్రాముల గ్లూకోజ్ వేసుకుని, 15 నిమిషాలకు మళ్లీ గుచ్చుకుంటాను. ఈ పనికి స్ట్రిప్పు ఖర్చు లెక్క చూడను.