గది ఇవ్వాలా, ఇల్లంతా ఇవ్వాలా, నెలవారీనా: పర్మిషన్ల లెక్కన ఏది మేలు?

ఖాళీగా ఉన్న ఇంటిని టూరిస్టులకు రోజుల లెక్కన అద్దెకిద్దామని అనుకోగానే ఎవరైనా ముందు వేసేది రాబడి లెక్క. రాత్రికి ఎంత పెట్టొచ్చు, నెలలో ఎన్ని రాత్రులు నిండుతాయి, పరుపులకీ శుభ్రం చేసేవాళ్లకీ ఎంత పోతుంది. పర్మిషన్ సంగతి ఆ లెక్కలో ఆఖరున, ఏదో చిన్న ఫీజు కింద ఉంటుంది. యాప్‌లో ఫొటోలు ఎక్కించి లిస్టింగ్ పెట్టడం అరగంట పని కాబట్టి చట్టం కూడా అంతే తేలిక అనిపిస్తుంది. ఒకప్పుడు చాలా చోట్ల నిజంగానే తేలిక. ఆ తర్వాత అద్దెలు పెరిగి స్థానికులకు ఇళ్లు దొరకడం లేదన్న గొడవ ముదిరింది, చాలా నగరాలు ఒకదాని వెనక ఒకటి రూల్స్ బిగించాయి.

ఆ రూల్స్ ఎక్కడివి తిరగేసినా అధికారులు ముందు తేల్చుకునేది దాదాపు ఒకటే: ఆ ఇంట్లో మీరు ఉంటున్నారా, లేదా? మీరు చెప్పే జవాబును బట్టి నాలుగు దారులు. మీరు ఇంట్లో ఉంటూ ఒక గది ఇవ్వడం. మీరు ఊరెళ్లినప్పుడు ఉండే ఇల్లే మొత్తం ఇచ్చేయడం. మీరు ఉండని ఇంకో ఫ్లాట్‌ను ఏడాది పొడవునా టూరిస్టులకు నడపడం. టూరిస్టుల జోలికే పోకుండా, నెల దాటి ఉండేవాళ్లకు ఇవ్వడం. పర్మిషన్ల కోణంలో నా ఓటు మొదటిదానికి. ఇంట్లో కొత్తవాళ్లు తిరిగితే ఇబ్బంది అనుకునేవాళ్లకు నాలుగోది. మూడోదాంట్లోనే డబ్బు ఎక్కువ కనిపిస్తుందని తెలుసు, అయినా కొత్తగా దిగేవాళ్లకు అది వద్దనే చెబుతాను.

మొదటి రెండు దారుల తేడా శాన్ ఫ్రాన్సిస్కోలో స్పష్టంగా తెలుస్తుంది. అక్కడ ఏడాదిలో కనీసం 275 రాత్రులు మీరు ఆ ఇంట్లో ఉండే మనిషై ఉండాలి. ఆ షరతు తీరాక, గెస్ట్ ఉన్న రాత్రి మీరూ ఇంట్లోనే ఉంటే ఎన్ని రాత్రులైనా ఇచ్చుకోవచ్చు. మీరు లేకుండా ఇస్తే మాత్రం ఏడాదికి 90 రాత్రులే. ఇల్లు అదే, రిజిస్ట్రేషన్ అదే. మీరు పక్క గదిలో పడుకున్నారా లేదా అన్నదాన్ని బట్టి పరిమితి ఉంటుంది లేదా పోతుంది. ఇంట్లో మనిషి ఉంటే గోల, చెత్త, తెలియని మొహాలు అన్న ఫిర్యాదులు తక్కువ. పైగా స్థానికులకు అద్దెకు వెళ్లాల్సిన ఇల్లు మార్కెట్లోంచి మాయం కాలేదు. నగరాలు ఈ పద్ధతి పట్ల మెత్తగా ఉండటానికి కారణం ఇదే.

మెత్తగా అన్నాను గానీ న్యూయార్క్‌ను చూస్తే ఆ మాట వెనక్కి తీసుకోవాలనిపిస్తుంది. అక్కడి లోకల్ లా 18 అనే నగర చట్టం అమలు 2023 సెప్టెంబర్‌లో మొదలైంది. 30 రోజుల లోపు అద్దెకివ్వాలంటే ముందు నగరం దగ్గర రిజిస్టర్ కావాలి, గెస్టులు ఉన్నంతకాలం మీరూ ఆ ఇంట్లోనే ఉండాలి, డబ్బు కట్టే గెస్టులు ఇద్దరికి మించకూడదు. నాకు అన్నిటికన్నా ఆసక్తిగా అనిపించింది తలుపుల సంగతి. గెస్టులు ఇల్లంతా తిరగగలగాలి, కాబట్టి లోపలి గదుల తలుపులకు వాళ్లను ఆపే తాళాలు ఉండకూడదు. అంటే మీ బెడ్‌రూమ్‌కు బయటినుంచి తాళం వేసుకుని ఆఫీసుకు వెళ్లడం కుదరదు. ఇంట్లో ఓ మూల పార్టిషన్ కట్టి, విడిగా గుమ్మం పెట్టి, అదే ‘గది’ అని చూపించేవాళ్లకు ఈ ఒక్క రూల్‌తోనే దారి మూసుకుపోయింది. మంట లేస్తే ఎటు నుంచి బయటపడాలో గీసిన బొమ్మ ఇంట్లో కనిపించేలా అతికించాలి, రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ కూడా. రిజిస్టర్ కాకుండా ఇచ్చిన హోస్ట్‌కు 5,000 డాలర్ల దాకా జరిమానా పడొచ్చు. రిజిస్ట్రేషన్ నంబర్ లేని లిస్టింగ్‌కు ప్లాట్‌ఫామ్ (బుకింగ్ యాప్) డబ్బు లావాదేవీ చేయడమే నిషేధం కాబట్టి, దొంగచాటుగా నడపడం కూడా కష్టమే.

ఇంత బిగింపులో కూడా న్యూయార్క్ గది దారిని పూర్తిగా మూసేయలేదన్నది గమనించాలి. మూసింది ఇల్లంతా ఇచ్చే దారిని.

ఊరెళ్లినప్పుడు ఇల్లంతా ఇచ్చే పద్ధతికి చాలా చోట్ల పర్మిషన్ దొరుకుతుంది, రాత్రుల లెక్కే అడ్డం. లండన్‌లో క్యాలెండర్ ఏడాదికి 90 రాత్రులు. అది దాటితే ప్లానింగ్ పర్మిషన్ కావాలి. పారిస్‌లో 120 రోజులు ఉండేది, 2025 నుంచి 90కి దించారు. మీరు ఏడాదిలో కనీసం 8 నెలలు ఉండే ఇల్లయితేనే ఆ వెసులుబాటు. ఆమ్‌స్టర్‌డామ్ 2019లో 60 రాత్రుల్ని 30 చేసింది. అక్కడ ఒకసారికి నలుగురు గెస్టులే, ప్రతి బుకింగ్‌నూ ముందుగా మున్సిపాలిటీకి తెలపాలి. ముప్పై రాత్రులతో వ్యాపారం సాగదు. మీరు సెలవుల్లో వెళ్లొచ్చిన ఖర్చు గిట్టుబాటవుతుందేమో, అంతే. ఆ ఆశతో మాత్రమే చేసేవాళ్లకు ఈ దారి నిజంగా బాగుంటుంది: పెట్టుబడి లేదు, కొత్త ఫ్లాట్ కొనక్కర్లేదు, లైసెన్స్ పోయినా ఇల్లు మీకు మిగిలే ఉంటుంది.

ఇక్కడ చాలామంది పడేది రాత్రులు లెక్కపెట్టుకోవడంలో. లండన్‌లో ఎయిర్‌బీఎన్‌బీ అనే బుకింగ్ యాప్ 90 నిండగానే లిస్టింగ్‌ను తనంతట తానే ఆపేస్తుంది. అదే ఇంటిని రెండు యాప్‌లలో పెడితే ఒకదాని లెక్క రెండోదానికి తెలియదు. అక్కడ అరవై, ఇక్కడ యాభై అయినా రెండిట్లోనూ అంతా సవ్యంగానే కనిపిస్తుంది, చట్టం దృష్టిలో మాత్రం 110. గెస్ట్ వచ్చిన తేదీ, వెళ్లిన తేదీ, ఏ యాప్ అన్న మూడు గడులతో ఒక పట్టిక సొంతంగా రాసుకోవడం తప్ప వేరే ఉపాయం లేదు.

మూడో దారికి వద్దాం. మీరు ఉండని ఫ్లాట్‌ను పూర్తిగా టూరిస్టుల కోసమే నడపడం. పారిస్‌లో దీనికి ఆ ఇంటి వాడకాన్నే మార్చుకునే పర్మిషన్ కావాలి. అది కావాలంటే చాలా సందర్భాల్లో మీరు ‘తీసేసిన’ ఇంటికి బదులుగా ఎక్కడో ఒక వ్యాపార స్థలాన్ని నివాసంగా మార్చి చూపించాలి. ఒక్క ఫ్లాట్ ఉన్న మామూలు ఓనర్‌కు అది అయ్యే పని కాదు. పర్మిషన్ లేకుండా మారిస్తే జరిమానా లక్ష యూరోల దాకా వెళ్లొచ్చు. కెనడాలోని బ్రిటిష్ కొలంబియా 2024 మే 1 నుంచి చాలా ఊళ్లలో ఈ అద్దెను మీరు ఉండే ఇంటికీ, దానికి అనుబంధంగా ఉన్న ఒక చిన్న ఇంటికీ పరిమితం చేసింది. అప్పటికే విడిగా ఫ్లాట్లు కొని నడుపుతున్నవాళ్లలో చాలామంది అమ్ముకోవడమో, మామూలు అద్దెకు ఇవ్వడమో తేల్చుకోవాల్సొచ్చింది.

లైసెన్స్ చేతిలో ఉంటే భయం లేదనుకునేవాళ్లు బార్సిలోనా కథ చదవాలి. అక్కడ సరిగ్గా దరఖాస్తు చేసి, ఫీజులు కట్టి, చట్టబద్ధంగా నడుపుతున్న టూరిస్ట్ ఫ్లాట్లు 10,101. వాటిలో ఒక్కదానికీ 2028 నవంబర్ తర్వాత లైసెన్స్ పొడిగించేది లేదని మేయర్ జౌమే కొల్‌బోనీ 2024 జూన్‌లో ప్రకటించారు. దానికి ఆధారం అంతకుముందు ఏడాది, బార్సిలోనా ఉన్న కాటలోనియా ప్రాంత ప్రభుత్వం తెచ్చిన డిక్రీ (చట్టంలా అమలయ్యే ఆదేశం): ఇళ్ల కొరత ఉన్న ఊళ్లలో ఇలాంటి లైసెన్సులకు ఐదేళ్లే గడువు. దాన్ని సవాలు చేస్తే 2025 మార్చిలో స్పెయిన్ రాజ్యాంగ న్యాయస్థానం డిక్రీనే సమర్థించింది. ఇక్కడ ఓనర్లు చేసిన తప్పేమీ లేదు. గడువున్న కాగితం మీద ఇరవై ఏళ్ల లోన్ పెట్టుకుంటే టెన్షన్ తప్పదు మరి.

ఈ దారిలో కాస్త న్యాయంగా ఉందనిపించేది జపాన్. 2018 జూన్ 15న అమల్లోకొచ్చిన అక్కడి మిన్‌పాకు (ఇళ్లను గెస్టులకు అద్దెకివ్వడం) చట్టం కింద నోటీసు ఇచ్చి నడిపితే ఏడాదికి 180 రోజులు. ఏడాదంతా నడపాలంటే హోటళ్ల చట్టం కింద లైసెన్స్ తీసుకోవాలి. అగ్నిమాపక ఏర్పాట్ల దగ్గర్నుంచి ఖర్చు ఎక్కువ. ఏది కావాలో ఓనరే ఎంచుకుంటాడు. ఓనర్ ఇంట్లో ఉండకపోతే రిజిస్టర్ అయిన నిర్వహణ సంస్థకు పని అప్పగించి తీరాలి. గెస్టుల వివరాల రిజిస్టర్ ఉంచాలి, రెండు నెలలకోసారి నివేదిక ఇవ్వాలి. ఆ చట్టం రావడానికి ముందు ఎయిర్‌బీఎన్‌బీ రిజిస్ట్రేషన్ నంబర్ లేని వేలాది జపాన్ లిస్టింగులను ఒక్కసారిగా తీసేసింది. యూరోపియన్ యూనియన్‌లోనూ 2024/1028 నిబంధనతో, 2026 మే 20 నుంచి రిజిస్ట్రేషన్ నంబర్ల తనిఖీ, బుకింగ్ వివరాలు అధికారులకు పంపడం ప్లాట్‌ఫామ్‌ల బాధ్యతయ్యాయి. ‘ఎవరు చూస్తారులే’ అన్న ధీమాకు కాలం చెల్లింది.

నెల దాటిన అద్దెకు ఈ తలనొప్పులు చాలావరకు ఉండవు. న్యూయార్క్‌లోనూ శాన్ ఫ్రాన్సిస్కోలోనూ 30 రోజుల లోపుదే స్వల్పకాలిక అద్దె. ముప్పై దాటితే ఆ రిజిస్ట్రేషన్ గొడవ వర్తించదు. ప్రాజెక్ట్ పని మీద వచ్చినవాళ్లు, ఆసుపత్రి చికిత్స కోసం వచ్చిన కుటుంబాలు, ఇల్లు మారేలోపు చోటు కావాల్సినవాళ్లు దీనికి దొరుకుతారు. ఫ్రాన్స్ అయితే 2018 ఎలాన్ చట్టంతో దీనికి ప్రత్యేకంగా ఒక ఒప్పందమే పెట్టింది: ఫర్నిచర్‌తో సహా 1 నుంచి 10 నెలలు, చదువుకో, ఉద్యోగ శిక్షణకో, తాత్కాలిక పనికో వచ్చినవాళ్లకు, డిపాజిట్ అడగకూడదు. అయితే గీత అన్నిచోట్లా ముప్పై దగ్గరే ఉండదు. బ్రిటిష్ కొలంబియాలో అది 90 రోజులు. సింగపూర్‌లో ప్రైవేట్ ఇళ్లకు కనీసం 3 నెలలు, ప్రభుత్వ హెచ్‌డీబీ ఫ్లాట్లకు 6 నెలలు; అంతకన్నా తక్కువకు ఇవ్వడమే నేరం.

దీనిలో ఉన్న ముల్లు వేరు. గెస్ట్ కాస్తా కిరాయిదారు అవుతాడు. న్యూయార్క్‌లో వరుసగా 30 రోజులున్న మనిషిని కోర్టుకు వెళ్లకుండా బయటికి పంపలేరు. టూరిస్ట్ నచ్చకపోయినా మూడో రోజు వెళ్లిపోతాడు, కిరాయిదారు నచ్చకపోతే నెలలు పట్టొచ్చు. కాబట్టి ఇక్కడ పర్మిషన్ మీద పెట్టే శ్రద్ధంతా మనిషిని ఎంచుకోవడం మీద, అగ్రిమెంట్ మీద పెట్టాలి.

ఏ దారైనా దరఖాస్తుకు ముందు అడగాల్సినవాళ్లు కొందరున్నారు. అద్దె ఇంట్లో ఉంటూ గది ఇద్దామనుకుంటే ఓనర్ రాతపూర్వకంగా ఒప్పుకోవాలి, నోటిమాట పనికిరాదు. అపార్ట్‌మెంట్ అయితే అసోసియేషన్ బైలాస్ చదవాలి. న్యూయార్క్‌లో భవనాల యజమానులు తమ భవనాన్ని నిషేధిత జాబితాలో పెట్టించుకోవచ్చు, ఇక అందులోని ఏ ఫ్లాట్‌కూ రిజిస్ట్రేషన్ రాదు. ఇన్సూరెన్స్ కంపెనీకి కూడా చెప్పాలి, ఎందుకంటే మామూలు ఇంటి పాలసీ డబ్బు కట్టి ఉండే గెస్టులకు చాలాసార్లు వర్తించదు.

గదికీ, ఊరెళ్లినప్పుడు ఇల్లంతటికీ మధ్య తేల్చుకోలేకపోతే, రెండూ కలిపి ఒకే లైసెన్స్ దొరుకుతుందేమో చూడండి. స్కాట్లాండ్ లైసెన్సుల్లో ఆ రకం విడిగా ఉంది. ఇప్పటికే ‘లైసెన్స్ ఉన్న ఫ్లాట్’ అని ఎవరైనా ఎక్కువ ధర చెబుతుంటే గడువు ఎప్పటిదాకా, అమ్మితే లైసెన్స్ ఫ్లాట్‌తో వస్తుందా లేక పాత ఓనర్ పేరుతోనే పోతుందా అన్నది లైసెన్స్ ఇచ్చిన ఆఫీసులోనే కనుక్కోండి. జవాబు ఏదొచ్చినా, నెలవారీ అద్దెతో ఆ ఫ్లాట్ వాయిదా కట్టగలరో లేదో లెక్కేశాకే అడ్వాన్స్ ఇవ్వండి.